ఇద్దరి మధ్య ఎంత జాగా ఉందో చూడండి

ఆటల మేష్టారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఐస్ డాన్స్ గురించే. విజయనగరం చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పై నాలుగేళ్లు కబడ్డీ, ఖోఖో నేర్పిన డ్రిల్లు మేష్టారిని నేను. బ్లేడ్ల బూట్లతో మంచు మీద జంటగా నాట్యం చేసే ఈ ఆట గురించి మన జిల్లాల వాళ్లు ఇంత ఇష్టంగా అడుగుతుంటే చాలా సంతోషంగా ఉంది. 2010 నుంచి నేనూ మా ఆవిడా ఈ ఆటని వదలకుండా చూస్తున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదే అయింది. అది రాసిన అమ్మాయి బాధ నాకు బాగా తెలిసిన బాధ.

*ప్రశ్న: మేష్టారికి నమస్కారం. అమెరికా జంట మ్యాడిసన్ చాక్, ఈవన్ బేట్స్ అంటే నాకు ప్రాణం. మూడేళ్లుగా వాళ్ల పోటీ ఒక్కటి కూడా వదల్లేదు. ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ ఫ్రీ డాన్స్‌ని ఇంట్లో అందరూ పడుకున్నాక దుప్పట్లో ఫోన్ పెట్టుకుని చూశాను. 1.43 మార్కుల తేడాతో బంగారం పోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. జడ్జీలు అన్యాయం చేశారని నా ఫ్రెండ్స్ అంటున్నారు. మా అమ్మేమో ‘వాళ్లు నీకేమవుతారే?’ అని తిడుతోంది. నేను చేస్తున్నది తప్పా? – డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి*

తప్పేమీ లేదు తల్లీ. ముందు అమ్మ మాటకి జవాబు చెబుతాను. సిరిమానోత్సవం రోజున ఆ మాను చివర కూర్చున్న పూజారి గారు మనలో ఎంతమందికి చుట్టం? అయినా మాను కదిలిందంటే రోడ్డు పక్కన నిలబడ్డ ప్రతివాడి గుండే దాంతో పాటే కదులుతుంది. మనం ఇష్టపడ్డ మనిషి అంత ఎత్తున, అంత ప్రమాదంలో ఉంటే కింద ఉన్నవాళ్లం ఊరికే ఎలా ఉంటాం? అమ్మకి ఈ మాట నా పేరు చెప్పి చెప్పు.

ఇక జడ్జీల సంగతి. పోటీలో రెండు భాగాలుంటాయి, ముందు రిథమ్ డాన్స్, తర్వాత ఫ్రీ డాన్స్. రెండింటి మార్కులూ కలిపి విజేతని తేలుస్తారు. రిథమ్ డాన్స్‌లో మీవాళ్లకి 89.72, ఫ్రెంచ్ జంట లోరెన్స్ ఫూర్నియే బోడ్రీ, గియోమ్ సిజెరాన్‌లకి 90.18. ఫ్రీ డాన్స్‌లో 134.67కి 135.64. అంటే రెండు రోజులూ వాళ్లే వెంట్రుకవాసి ముందున్నారు. తొమ్మిది మంది జడ్జీలు ఒక్కో అంశానికీ విడివిడిగా అంకె వేస్తారు. అన్నిటికంటే పెద్ద అంకె, అన్నిటికంటే చిన్న అంకె తీసేసి మిగతా ఏడింటి సగటు తీస్తారు. కాబట్టి ఒక్క మనిషి ఎంత ఎక్కువ వేసినా ఆ అంకె పక్కకి పోతుంది. కానీ అది పోవడం వల్ల దాని తర్వాతి పెద్ద అంకె లెక్కలోకి వస్తుంది. అందుకని ఒక్కరి ప్రభావం బాగా తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. నీ ఫ్రెండ్స్ కోపంలో న్యాయం లేదనను. నా చేతిలో ఉంటే ఆ రాత్రి నేనూ చాక్, బేట్స్‌లకే ఇచ్చేవాణ్ని. కానీ అవతలి జంట గెలవకూడనంత తక్కువగా చేసిందా అంటే, లేదు. అది నేను ఒప్పుకోలేను.

ఒక పాత సంగతి చెబుతాను. 2018, కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. అప్పుడు మా ఇంట్లో అభిమానమంతా కెనడా జంట టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్‌ల మీదే. ఆ పిల్లకి ఏడేళ్లు, పిల్లాడికి తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు, 1997లో, జతకట్టారు. 2010లో వాంకూవర్‌లో బంగారం, 2014లో సోచీలో వెండి. తర్వాత రెండేళ్లు ఆట మానేసి మళ్లీ వచ్చారు. ఈసారి వాళ్లకి ఎదురు నిలిచింది ఫ్రాన్స్ జంట గాబ్రియేలా పాపడాకిస్, సిజెరాన్. అవును, ఆ సిజెరానే.

ఫిబ్రవరి 19, సోమవారం. మనకి పొద్దున్న ఆరున్నరకి షార్ట్ డాన్స్ మొదలైంది. ఇప్పుడు రిథమ్ డాన్స్ అంటున్నదాన్ని అప్పట్లో అలా అనేవారు. మా ఆవిడ గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది, ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టాను. ఫ్రెంచ్ జంట ఇలా మొదలుపెట్టారో లేదో, ఆ అమ్మాయి డ్రెస్సుకి మెడ దగ్గర హుక్కు ఊడిపోయింది. బట్ట జారిపోతుందేమోనన్న భయం ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది. ఆగితే మార్కులు పోతాయి, ఆగకపోతే మానం. ఆగలేదు. చివరిదాకా అడుగు తప్పకుండా ఆడింది. మా ఆవిడ చెయ్యి చేటలో అలాగే ఉండిపోయింది. ‘ఎవరో ఒకరు ఆ పిల్ల మీద గుడ్డ కప్పండర్రా’ అని ఫోన్‌తోనే అంది. స్కోరు 81.93. మావాళ్లకి 83.67. మేం ముందున్నాం, కానీ ఆ రోజు ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు.

మర్నాడు ఫ్రీ డాన్స్. పాపడాకిస్, సిజెరాన్ ఎలా ఆడారంటే, నిన్న జరిగింది ఇవాళ్టి కాళ్లకి తెలియనట్టు ఆడారు. 123.35 వచ్చింది. మావాళ్లకి 122.40. పాత కరెంటు బిల్లు వెనకాల రెండు రోజుల మార్కులూ కలిపి లెక్క వేశాను. మావాళ్లకి 206.07, వాళ్లకి 205.28. తేడా 0.79. ముందురోజు వచ్చిన 1.74 ఆధిక్యమే మమ్మల్ని గట్టెక్కించింది. నేను ఎగిరి గంతేశాను. మా ఆవిడకీ కళ్లనీళ్లు వచ్చాయి. ఎవరి కోసం అని అడిగితే ‘ఇద్దరాడపిల్లల కోసమూ’ అంది.

ఆ 0.79తో ఓడిపోయిన సిజెరాన్, పాపడాకిస్ 2022లో బీజింగ్‌లో బంగారం గెలిచారు. మొన్న మిలాన్‌లో మీవాళ్లని 1.43తో దాటింది కూడా అతనే, కొత్త జోడీతో, తొలి సీజన్‌లోనే. వెంట్రుకవాసి తేడాకి అటువైపు నిలబడ్డం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఇప్పుడు ఇటువైపు నిలబడ్డాడు.

ఇంకొకటి. అదే 2018 ఫ్రీ డాన్స్ రోజున మంచు మధ్యలో స్పిన్ తిరుగుతూ ఒకరి బ్లేడు ఒకరికి తగిలి ఇద్దరూ పడిపోయిన జంట ఒకటుంది. తొమ్మిదో స్థానంతో ఇంటికి వెళ్లారు. ఆ ఇద్దరూ ఎవరో తెలుసా తల్లీ? మీ చాక్, బేట్స్. 2011 నుంచి కలిసి ఆడుతూ, 2022 బీజింగ్‌లో నాలుగో స్థానంలో ఆగిపోయి, 2023లో గానీ మొదటి ప్రపంచ టైటిల్ గెలవలేదు. తర్వాత 2024, 2025 కూడా వాళ్లవే. నువ్వు వాళ్లని చూడ్డం మొదలుపెట్టింది సరిగ్గా ఆ మంచి రోజుల్లో. 2018 వీడియో దొరికితే ఒకసారి చూడు. పడ్డచోట నుంచి ఎలా లేచారో చూడు. మిలాన్‌లో కూడా దేశాల జట్ల పోటీలో బంగారం, జంటగా వెండి తెచ్చుకున్నారు. ఆ వెండిని నువ్వు చిన్నచూపు చూడకు.

అన్నం మాత్రం వేళకి తిను.

*ప్రశ్న: పెయిర్ స్కేటింగ్‌లో అమ్మాయిని గాల్లోకి విసురుతారు, తలపైకి ఎత్తుతారు. ఐస్ డాన్స్‌లో అవేమీ లేవు. మరి ఇందులో కష్టమేమిటి? అసలు ఏం చూడాలి? – రిటైర్డ్ గుమాస్తా, టెక్కలి*

మంచి ప్రశ్న వేశారు. విసరడాలు లేవు, అమ్మాయిని తల మీదికి ఎత్తకూడదు, గాల్లో మూడు చుట్లు తిరిగే దూకుళ్లు లేవు. ఎత్తడం ఉంది గానీ మామూలు లిఫ్ట్ ఏడు సెకన్లలో దింపెయ్యాలి. ఆలస్యమైతే ఒక మార్కు కోత. ఇలా పెద్దపెద్ద విన్యాసాలన్నీ తీసేశాక ఏం మిగులుతుంది? అడుగు, తాళం, ఇద్దరి మధ్య జాగా. చేతులు పట్టుకోకుండా వేసే అడుగుల వరసలో ఇద్దరూ చేతులు చాస్తే అందేంత దూరానికి మించి విడిపోకూడదు. ఆ వేగంలో, కత్తి లాంటి బ్లేడ్ల మీద, తగలకుండా అంత దగ్గరగా ఉండాలి. నేను చూసేది ముఖాలు కాదు, ఆ జాగా. బాగా ఆడే జంటలో అది మొదటి నుంచి చివరి దాకా ఒక్కలాగే ఉంటుంది. తడబడే జంటలో మలుపు మలుపుకీ పెరిగి తరుగుతుంది.

మీది టెక్కలి కాబట్టి తప్పెటగుళ్లు చూసే ఉంటారు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో పదిహేను ఇరవై మంది ఒక్కసారిగా ఎగిరి దిగుతారు. ఒక్కడి గజ్జె రవ్వంత ఆలస్యమైనా చెవికి తెలిసిపోతుంది. ఐస్ డాన్స్‌లో ట్విజిల్స్ అని ఉంటాయి. ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ ముందుకి సాగిపోవాలి, ఇద్దరూ పక్కపక్కనే, ఒకే వేగంతో. అక్కడ గజ్జె మోగదు, కంటితోనే పట్టుకోవాలి. అమ్మాయి ముఖం మనవైపు తిరిగిన క్షణంలో అబ్బాయి ముఖం కూడా తిరిగిందా? ఆ ఒక్కటి చూడ్డం అలవాటు చేసుకోండి. నెల తిరిగేసరికి, స్కోరు రాకముందే ఎవరు ముందున్నారో మీరే చెబుతారు.

*ప్రశ్న: ఒలింపిక్స్‌లో ఎవరో హిందీ పాటలకి ఐస్ డాన్స్ చేశారని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా? – గృహిణి, బొబ్బిలి*

నిజమేనమ్మా. 2010 వాంకూవర్‌లో అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్. అప్పట్లో పోటీ మూడు భాగాలుగా ఉండేది. మధ్యది ఒరిజినల్ డాన్స్, ఆ ఏడాది దానికి జానపద నృత్యాలు అంశం. వాళ్లు మన దేశపు సినిమా పాటలు ఎంచుకున్నారు. చేతి ముద్రలు, మెడ కదలికలు శ్రద్ధగా నేర్చుకుని చేశారు. మా ఇంట్లో ఈ ఆట మొదలైంది దానితోనే. ఆ ఏడాది వాళ్లకి వెండి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత సోచీలో బంగారం.

*ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. మిలాన్ చూసినప్పటి నుంచి వంటింటి గచ్చు మీద సాక్సులతో జారుతోంది. నేర్పిద్దామంటే ఇక్కడ మంచెక్కడిది? మా వాళ్లంతా నవ్వుతున్నారు. – ఒక తల్లి, ఆమదాలవలస*

నవ్వనివ్వండమ్మా. మీ ఊరి పక్కనే ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి బరువులెత్తడం మొదలుపెట్టినప్పుడు ఆడపిల్లకి ఇదేం ఆట అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. 2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా పిల్లే.

మంచు లేకపోయినా చక్రాలున్నాయి. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అని ఉంది. అందులో ఒంటరిగా చేసేవీ, జంటగా చేసే డాన్సూ ఉన్నాయి. మన తెలుగు కుర్రాడు, హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామ, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో రెండు కంచు పతకాలు గెలిచాడు. ఒకటి ఒంటరిగా, ఒకటి అవనీ పాంచాల్‌తో జంటగా. అర్జున అవార్డు కూడా వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులోని వుడా పార్కులో స్కేటింగ్ రింకు ఉంది. మీకు రైలు దగ్గరే, ఒక ఆదివారం పాపని తీసుకెళ్లి అక్కడ నేర్పేవాళ్లతో మాట్లాడండి. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. నాలుగు చక్రాలూ ఒకే వరసలో ఉండేవి వేగానికి. డాన్సుకి కావలసినవి ముందు రెండు, వెనక రెండు చక్రాలుండి, బొటనవేలి దగ్గర రబ్బరు ఆపు ఉన్నవి. పిల్ల ఎదుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి. చీలమండ వదులుగా ఉంటే మడత పడుతుంది. హెల్మెట్, మణికట్టు గార్డులు లేకుండా దించకండి. పాత కాటన్ ప్యాంటు వేసి, ముందు పడడం నేర్పించండి. మోకాళ్లు వంచి, పక్కకి వాలి, తుంటి మీద పడాలి. నా కబడ్డీ పిల్లలకి కూడా మొదటి వారమంతా అదే నేర్పేవాణ్ని.

సాక్సుల జారుడు మాత్రం మాన్పించండి. వంటింట్లో పొయ్యి ఉంటుంది.

*ప్రశ్న: ఇంతవరకూ ఐస్ డాన్స్ చూడలేదు. ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు? – కిరాణా వ్యాపారి, నరసన్నపేట*

1984 ఫిబ్రవరి 14, సరయేవో ఒలింపిక్స్. ఇంగ్లండ్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్. ఆమె మొదట్లో ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, అతను పోలీసు. సంగీతం రావెల్ రాసిన ‘బొలెరో’. అప్పట్లో పూర్తి మార్కు ఆరు. కళకి ఇచ్చే మార్కుల్లో తొమ్మిది మంది జడ్జీలూ ఆరుకి ఆరు వేశారు.

మొదట్లోనే ఒకటి గమనించండి. సంగీతం ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్లకి తగ్గలేదు. రూలు ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదు. కానీ గడియారం మొదలయ్యేది బ్లేడు మంచు మీద నడక మొదలుపెట్టినప్పుడే. అందుకని పద్దెనిమిది సెకన్లు ఇద్దరూ మోకాళ్ల మీదే ఉండి, నడుము పైభాగంతోనే ఆడారు. ఎదురెదురుగా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా. లేచి నిలబడేదాకా కన్ను తిప్పకండి.