ఫోన్‌తో అమ్మకు చదువు

ప్రశ్న: మా అమ్మకు అక్షరాలు రావు. పగలంతా పొలం పనే. రాత్రి అరగంట ఫోన్‌లో చదువు నేర్పవచ్చా?

జవాబు: నేర్పవచ్చండీ. అఆలతో మొదలెట్టకండి, పెద్దవాళ్లకు వారంలోనే విసుగొస్తుంది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టాటా వాళ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ పెద్దవాళ్లకు కంప్యూటర్‌తో చదువు నేర్పడానికి మొదలుపెట్టిన పాఠాలు విడి అక్షరాలతో కాక, పూర్తి మాటలతోనే సాగాయి: సుమారు 40 గంటల్లో 500 మాటలు చదవడం (రాయడం కాదు). మీకు రోజుకు మూడు చాలు: పాలు, బస్సు, బియ్యం. అక్షరాల సైజు బాగా పెంచండి, లేకపోతే ‘స్సు’ కింద ఒత్తు కనబడదు. పక్కన బొమ్మ పెట్టారో, బొమ్మ చూసి చెప్పేస్తారు, చదివినట్టే ఉంటుంది! మీ గొంతు రికార్డు చేసిపెట్టండి. ముందు ఆవిడ చదవాలి, తర్వాతే వినాలి. ‘పాలు’, ‘పలు’ కలిపేస్తుంటే దీర్ఘం మీద వేలు పెట్టించండి. సంతకం మాత్రం పలక మీదే నేర్పండి.