బీబీసీ ‘షెర్లాక్’ పాత హోమ్స్ కథలకు ఎంత దగ్గరగా ఉంటుంది?

బెంగళూరులో మారతహళ్లి పీజీలో మా తెలుగు బ్యాచ్‌కీ ఇదే వాదన: హోమ్స్‌ని ఈ కాలానికి తెచ్చిన ఆ టీవీ సిరీస్‌లో సెల్‌ఫోన్లు వచ్చాక అది హోమ్స్ కథేనా అని. నన్నడిగితే, అనుకున్నదానికన్నా దగ్గరే. 1890 నాటి ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో జేబుగడియారానికి కీ ఇచ్చే రంధ్రం చుట్టూ గీతలు చూసి, తన స్నేహితుడు వాట్సన్ వాళ్లన్నయ్య తాగుబోతని హోమ్స్ పసిగడతాడు. తాగినవాడి చెయ్యి వణుకుతుంది కదా! 2010 సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో అవే గీతలు ఫోన్ చార్జింగ్ పిన్ పెట్టేచోట ఉంటాయి. మెలికల్లా ఒకటే, హోమ్స్ వాట్సన్ సోదరుడనుకున్న హ్యారీ తీరా చూస్తే ఆడమనిషి. పైపు బదులు నికోటిన్ ప్యాచ్‌లు వచ్చాయి. వాట్సన్ గాయపడింది మాత్రం అప్పుడూ ఇప్పుడూ అఫ్గానిస్థాన్‌లోనే, అది మార్చాల్సిన అవసరమే రాలేదు. చివరి సీజన్లలో ఆర్భాటం పెరిగి పరిశోధన పలచబడిందనే నా కంప్లయింట్.