కొత్త టీచరమ్మకు: తప్పు చెప్పే పద్ధతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒక పిల్లాడి గురించి "కాస్త గట్టిగా అంటే కుర్చీ తన్నేసి పోతున్నాడు" అని రాశావు. నీ దగ్గరికొచ్చే పిల్లలు మామూలు బడుల్లో ఇమడలేక వచ్చినవాళ్లు. "నువ్విక మారవా?" అన్న మాట నీకంటే ముందు పదిమంది నోట వినే ఉంటారు. అలాగని డొంకతిరుగుడుగా చెప్పమనను. సూటిగానే చెప్పు, కాకపోతే వాడి గుణం గురించి కాదు, నువ్వు కళ్లతో చూసినదాని గురించి.

"నీకు మర్యాద తెలీదు" అంటే వాదిస్తాడు. "నేను లెక్క చెప్తుంటే మూడుసార్లు పక్కవాడి పుస్తకం లాగావు. అది వాడికిచ్చేసి మొదటి లెక్క మొదలుపెట్టు" అంటే వాదించడానికేం ఉంటుంది? దగ్గరికెళ్లి వాడికి మాత్రమే వినబడేలా చెప్పి, అక్కణ్ణుంచి కదిలిపో. ఈ కదలడమే మన టీచర్లకు చేతకాదు. పది సెకన్లు కూడా ఆగకుండా అదే మాట మళ్లీ అంటాం, గొంతు పెంచుతాం.

నేనూ ఒకసారి ఒక పిల్లాడి పక్కన నిలబడి "తియ్యి పుస్తకం" అని నాలుగుసార్లు అన్నాను. క్లాసంతా మమ్మల్నే చూస్తోంది. ఆ పుస్తకం కిటికీలోంచి బయటికి ఎగిరింది. అందరి ముందు తగ్గడం కంటే శిక్ష పడటమే వాడికి నయమనిపించింది. తగ్గే దారి నేనే మూసేశాను మరి.

పిడికిలి బిగించి ఉన్నప్పుడు మాత్రం ఏమీ చెప్పకు. నీళ్లు తాగి రమ్మను. చల్లబడ్డాక మాట్లాడు, అదీ ఆ రోజే.

బయటికి పంపే ముందు, గొడవకు సరిగ్గా ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకో. పైకి చదవమన్న ప్రతిసారీ రగడ మొదలవుతోందంటే, చదవడం రాక తప్పించుకుంటున్నాడేమో. అప్పుడు బయటికి పంపడమంటే వాడు కోరుకున్నది చేతిలో పెట్టడమే. ముందు చదవడం నేర్పు.

ఇక మెచ్చుకోలు. ఉత్త "గుడ్" ఎందుకూ పనికిరాదు. "కోపమొచ్చినా పెన్ను కిందపెట్టి ఊరుకున్నావు, చూశాను" అను. ఒక మందలింపుకు కనీసం నాలుగు మెచ్చుకోళ్లు ఉండాలని అంటుంటారు. ఒక రోజంతా జేబులో చీటీ పెట్టుకుని, మందలింపులకూ మెచ్చుకోళ్లకూ విడివిడిగా గీతలు గీసుకో. నా చీటీ చూసుకుని నాకే సిగ్గేసింది. పెద్ద పిల్లల్లో కొందరికి నలుగురిలో పొగడ్త కూడా శిక్షే, వాళ్లకది గుసగుసగానే చెప్పాలి.

పిల్లాడి నడవడికకు రోజూ కార్డు మీద పీరియడ్‌కి 0, 1, 2 అని మార్కులు వేసే పద్ధతి మీ బడిలో ఉంటే మంచిదే. రోజు మొత్తం మార్కుల్లో ఎక్కువగా 80 శాతం గురిగా పెడతారు. సున్నా వేస్తే ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పు, ఉపన్యాసం వద్దు.

రేపు ఆ కుర్చీ తన్నినవాడు గుమ్మంలోకి రాగానే నిన్నటి సంగతి ఎత్తకు. పేరు పెట్టి పిలిచి కూర్చోమను. ఏమైందో నాకు రాయి.

ఇట్లు,
మీ పాత మాస్టారు