67 ఏళ్ళకు నేను మొదలుపెట్టాను, మీ అమ్మగారూ మొదలుపెట్టవచ్చు

మీ అమ్మగారికి 68 ఏళ్ళనీ, మోకాళ్ళ నొప్పులూ బీపీ ఉన్నాయనీ, ఈ మధ్యే చెన్నైలో మీ ఇంటికి వచ్చారనీ, ఎప్పుడూ చేయని యోగా ఇప్పుడు మొదలుపెట్టవచ్చా అనీ అడిగారు. వాళ్ళ డాక్టరుగారితో ఒక మాట అని, తప్పకుండా మొదలుపెట్టించండి. నేను మొదలుపెట్టింది 67వ ఏట. ఇప్పుడు నాకు 71. నాకూ బీపీ ఉంది, కుడి మోకాలు అరిగింది. నెల్లూరు నుంచి మైలాపూర్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాక పొద్దున్నే నాగేశ్వరరావు పార్కుకు నడకకు వెళ్ళేదాన్ని. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు పెట్టిన పార్కు కదా, అక్కడికి వెళ్తే మనవాళ్ళ మధ్య ఉన్నట్టే ఉండేది. అక్కడ పరిచయమైన ఒకావిడ చెబితే యోగా మీద మనసు పడింది.

నాకు జరిగింది మీ అమ్మగారికి జరగకూడదని చెబుతున్నాను. మొదట ఇంటికి దగ్గరని ఒక క్లాసులో చేరాను. ముప్ఫై మంది దాకా ఉండేవాళ్ళు, అంతా వయసులో ఉన్నవాళ్ళే. నాకేం జబ్బులున్నాయో ఎవరూ అడగలేదు. రెండో రోజే సూర్య నమస్కారాలు, ఆ తర్వాత మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం. అందరూ కూర్చుంటే నేనొక్కదాన్నే నిలబడితే ఏం బాగుంటుందని పళ్ళ బిగువున కూర్చున్నాను. సాయంత్రానికి మోకాలు వాచింది. పది రోజులు మెట్లు దిగలేకపోయాను. ఆర్నెల్లు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మా అమ్మాయి పట్టుబట్టి ఇంకో టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడది యోగా గురువు కృష్ణమాచార్యులుగారి పద్ధతి. ఆయన 1888లో పుట్టి 1989లో పోయారు, చివరి దాకా ఈ చెన్నైలోనే ఉన్నారు. ఆయన కుమారుడు దేశికాచార్‌గారు 1976లో పెట్టిన కృష్ణమాచార్య యోగ మందిరం మందవెల్లిలో ఉంది. మనిషిని బట్టి ఆసనం మారాలి కానీ ఆసనం కోసం మనిషిని విరవకూడదన్నది ఆ పద్ధతికి ప్రాణం. మీరు టీచర్ని వెతికేటప్పుడు చూడాల్సింది కూడా అదే.

మొదటి రోజు అరగంట సేపు అన్నీ ప్రశ్నలే. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, కంటి ఆపరేషన్ అయిందా, ఎముకల బలం పరీక్ష చేయించారా, నిద్ర ఎలా పడుతోంది, అన్నీ అడిగి రాసుకుంది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి ఒకే ఒక్కటి చేయించింది. ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ ముందు నుంచి పైకెత్తాలి, ఊపిరి వదులుతూ దించాలి. చేతులు ఊపిరిని దాటి పోకూడదు. నాకేమో చేతులు చెవుల దాకా వెళ్ళకముందే ఊపిరి అయిపోయేది. "మెదువా అమ్మా, మెదువా" అనేది ఆవిడ, మెల్లగా అని. ఆరుసార్లు చేయించి, ఈ రోజుకు చాలంది. రోజూ ఇంట్లో అదే చేశాను. రెండు నెలలకు ఒక పొద్దున తల దువ్వుకుంటూ చేతులు వెనక్కి పోనిచ్చి నా ముడి నేనే వేసుకున్నాను. అంతకుముందు ఏడాదిగా మా అమ్మాయి వేసేది. ఆ రోజు అద్దం ముందు చాలాసేపు అలాగే ఉండిపోయాను.

నేల మీదికి దిగింది ఐదో నెలలో. ముందు లేవడం నేర్పింది, తర్వాతే పడుకోబెట్టింది. పక్కకు తిరిగి, మడత పెట్టిన దుప్పటి మీద మోకాళ్ళు ఆనించి, కుర్చీ మీద రెండు చేతులూ పెట్టి, బాగున్న కాలు ముందుకు వేసి లేవాలి. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పడిపోతే ఎలా లేస్తానన్న టెన్షన్ నాకు అప్పటి నుంచే తగ్గింది.

మీ అమ్మగారికి బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టే ప్రాణాయామం, ఊపిరిని వేగంగా బయటికి కొట్టే కపాలభాతి, తల కిందికి వాల్చే ఆసనాలు వద్దు. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నా తల వాల్చకూడదు. ఎముకలు పలచబడి ఉంటే నడుము గుండ్రంగా వంచి ముందుకు వంగడం, గట్టిగా మెలి తిప్పడం ప్రమాదం. నిలబడి చేసేవన్నీ గోడ పక్కనే చేయించండి. వెల్లకిలా పడుకునే శవాసనం నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, పక్కకు తిరిగి కాసేపు ఆగి లేవాలి. భోజనం అయ్యాక మూడు గంటలైనా ఆగాలి. షుగర్ మాత్రలు కూడా వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయవచ్చా అని డాక్టర్ని అడగండి. ఎవరు చెప్పినా బీపీ మాత్ర మాత్రం మాన్పించకండి. అరిగిన నా మోకాలు కొత్తదైపోలేదు, మాత్రలూ నడుస్తూనే ఉన్నాయి. కానీ మెట్లు ఎక్కుతున్నాను, రాత్రి నిద్ర పడుతోంది.

మీ అమ్మగారికి తమిళం రాకపోతే మొదటి వారం మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి. మూచ్చు అంటే ఊపిరి, మెదువా అంటే మెల్లగా, వలిక్కుదు అంటే నొప్పిగా ఉంది. మూడో మాట ముందుగా నేర్పండి. నొప్పి పుట్టగానే నోరు తెరిచి చెప్పమనండి.