12,34,567ని విడగొట్టడం ఎలా

చి॥ చిన్నాకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో 12,34,567 ప్రధాన సంఖ్యేనని తేల్చేశావు. ఏడో ఎక్కం దాకా చూశావట, ఎందులోనూ పోలేదట. అంత తొందర వద్దు నాన్నా. 4,29,49,67,297 ప్రధానమేనని ఫెర్మా అంతటి గణితవేత్త నమ్మితే, 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

ముందు ఎక్కడిదాకా వెతకాలో చూసుకో. 1,111 వర్గం 12,34,321. 1,112 వర్గం మన సంఖ్యను దాటిపోతుంది. కారణాంకాలు జంటలుగా వస్తాయి కాబట్టి జంటలో చిన్నది 1,111 లోపే ఉండాలి. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 186. కంగారుపడకు, అన్నీ అక్కర్లేదు.

2, 5 సంగతి చివరి అంకే చెప్తుంది. అంకెలు కూడితే 28, అంటే 3 కూడా కాదు. 7, 11, 13లకు మూడు భాగహారాలు చెయ్యకు. వాటి లబ్ధం 1,001. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి 567 − 234 + 1 లెక్కగట్టు, 334 వస్తుంది. దాన్ని భాగిస్తే వరసగా 5, 4, 9 మిగులుతాయి. మూడూ కావు. మన లక్షల కామాలు ఇక్కడ తికమక పెడతాయి, 1 | 234 | 567 అని గీతలు గీసుకో.

17 నుంచి మాత్రం ఓపిగ్గా కూర్చుని భాగించడమే. 113 దాకా ఏదీ కుదరదు. 127 దగ్గర శేషం సున్నా, భాగఫలం 9,721.

ఇప్పుడు 9,721 కోసం మళ్లీ మొదట్నుంచి రావాలనుకుంటున్నావా? దాని వర్గమూలం 99 లోపే. ఆ లోపలి ప్రధాన సంఖ్యలేవీ మొత్తం సంఖ్యనే భాగించలేదు, దాని ముక్కను ఎలా భాగిస్తాయి? అది ప్రధానమే. 186లో 31వ దానితో పనైపోయింది.

సరిచూసుకోవడం మానకు. చదువుకునే రోజుల్లో నేను ఇదే లెక్కను నోట్సులోకి ఎక్కిస్తూ 9,271 అని రాశాను. అంకెల మొత్తంతో చూస్తే సరిపోయింది. అంకెలు తారుమారైతే మొత్తం మారదుగా! చివరి అంకె కూడా కుదిరింది. మా మేష్టారు 11తో చూడమన్నారు. 127కి శేషం 6, నేను రాసినదానికి 9. వాటి లబ్ధం 54, దాని శేషం 10. మన సంఖ్యకు రావలసింది 4. అలా దొరికిపోయాను.

ఇక 12,34,56,789 పట్టు. 9 తీసేస్తే 1,37,17,421. దీన్ని కింది నుంచి వెతికితే తెల్లారిపోతుంది. ఇందాక చెప్పిన ఫెర్మాదే ఇంకో పద్ధతి ఉంది, అది వాడు: వర్గమూలం దగ్గర మొదలుపెట్టి, ఏ వర్గంలోంచి ఈ సంఖ్యను తీసేస్తే మళ్లీ వర్గమే మిగులుతుందో చూడు. అలా దొరికితే ఆ రెండు వర్గాల మూలాల మొత్తం, తేడాలే కారణాంకాలు. 3,704 వర్గంలోంచి తీసేస్తే 2,195, అది వర్గం కాదు. 3,705తో ఎంత మిగిలిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ