పాత పద్మినిని షెడ్డుకు ఇచ్చే ముందు: పుట్టీ పెట్టకముందే చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నల్లగొండలో ఇంటి వెనక ఏళ్లుగా నిలబడిపోయిన 1980ల నాటి ప్రీమియర్ పద్మిని. హైదరాబాద్‌లో ఒక షెడ్డువాళ్లు ఇంజన్, బాడీ, పెయింట్, సీట్లు అన్నీ కలిపి ఒకే లెక్క చెప్పి, సగం అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. వాళ్లు మోసగాళ్లని కాదు. పాత బండి పని ఎంతో విప్పేదాకా ఎవరికీ తెలియదు. తెలియని పనికి ఒకే లెక్క చెప్పినవాళ్లు ముందే ఎక్కువ వేసుకునైనా చెప్తారు, లేదా తక్కువకు ఒప్పుకుని, లోపల చిలుము బయటపడ్డాక దాని మీదే రేకు ముక్క అతికించి పుట్టీ రుద్దేస్తారు. రెండోదే ఎక్కువ. పైగా షెడ్డుకు నెల గడిచేది ఇన్సూరెన్సు బండ్ల మీద. గుద్దుకున్న బండి వచ్చిన వారంలో పోతుంది, పైసలు వస్తాయి. సగం డబ్బు ముందే ముట్టిన పాత పద్మినిని మూల నుంచి కదిలించాల్సిన తొందర ఎవరికుంటుంది?

పనిని ముక్కలు చేసి మాట్లాడుకోండి. ఒక్కో ముక్క, చేసిన పని కనపడకుండా మూతపడే చోట ఆగాలి. రేకు పని పుట్టీ కింద మూతపడుతుంది, పుట్టీ ప్రైమర్ కింద, బోరింగ్ (ఇంజన్ సిలిండర్ల లోపలి గోడలు కోసి సమం చేసే పని) పైన మూతలా బిగించే హెడ్డు కింద. మూతపడక ముందు మీరు వెళ్లి చూడాలి, చూశాక ఆ ముక్కకు పైసలు కట్టాలి. అడ్వాన్సు అంటే తర్వాతి ముక్కకు పట్టే సామాను ఖర్చు, అంతవరకే. ఉస్తాద్‌తో మొదటిరోజే చెప్పండి: "అన్నా, రేకు కోసి అతికినంక, పుట్టీ పెట్టకముందు ఒక్క ఫోన్ కొట్టు. వచ్చి చూసి పైసలిచ్చి పోతా." దీనికి మొహం మాడ్చుకునే షెడ్డు అయితే అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఆర్‌సీ చూడండి. సొంత కారుకు మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, ఫారం 25 మీద. అది ఎప్పుడో ఆగిపోయి ఉంటే ఆలస్య రుసుము, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ ఎంత అవుతాయో ఆర్టీఏలో కనుక్కోండి. ఆర్‌సీ ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే వారసుల బదిలీ ముందు పూర్తి చేసుకోండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో చూసి ఫొటో తీసుకోండి. నంబరు కొట్టిన చోట గ్రైండర్ పెట్టొద్దని, పుట్టీ రుద్దొద్దని షెడ్డువాళ్లకు రాతలో ఇవ్వండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నంబరు చెరిగిన బండి ఇన్‌స్పెక్షన్‌లో అక్కడే ఆగిపోతుంది. ఇంజన్ బ్లాకు మార్చినా, రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి, కాబట్టి వేరే బ్లాకు కొంటే దాని బిల్లు పారేయకండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి 2021లో వచ్చిన నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండ్లకే. 1980ల బండికి ఆ గొడవ లేదు.

ఇక బాడీ. పైసలు పోయేదీ, మనసు విరిగేదీ ఇక్కడే.

పద్మినికి వేరే చాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. చిలుము తినేది కూడా సరిగ్గా ఆ బరువు మోసే చోట్లే: తలుపుల కింద పొడుగునా పోయే బాక్సు సెక్షన్లు, కార్పెట్ కింది ఫ్లోరు, వెనక కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) బిగించే చోటు, డిక్కీ మూలలు, బ్యాటరీ కింది పళ్లెం, ముందు అద్దం రబ్బరు అంచు. తలుపుల కింది బాక్సు కోస్తే బండి నడుము వంగుతుంది. తర్వాత కొత్త రేకు ఎంత బాగా అతికినా తలుపు గొళ్లెం పడదు, సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటుంది. అందుకే కోసే ముందు తలుపు చట్రంలో అడ్డంగా, ఐమూలగా చదరపు పైపు వేసి చుక్క వెల్డింగుతో బిగించాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయాలి. తలుపులు తగిలించి సందులు చూసుకుంటూ అతకాలి. ఈ మూడూ చేస్తారా అని ముందే అడగండి. "ఏం కాదు సార్, మేం ఎన్నో చేసినం" అన్న జవాబు వస్తే, ఆ ముక్క వరకు వేరే షెడ్డు చూసుకోండి.

రేకు మీరే కొనివ్వడం మంచిది. సీఆర్‌సీఏ (పూత లేని, నున్నటి కోల్డ్ రోల్డ్) రేకు, బయటి ప్యానెళ్లకు 20 గేజి, అంటే సుమారు 0.9 మి.మీ., ఫ్లోరుకూ బాక్సులకూ 18 గేజి, 1.2 మి.మీ. మన ఊళ్లల్లో కూలర్లు చేసే దుకాణంలో మిగిలిన జీఐ (జింకు పూత వేసిన) రేకు వాడేసే అలవాటు ఉంది. దాని మీది జింకు వెల్డింగులో మండి పొగై, అతుకులో బుడగలు వదులుతుంది. ఆ పొగ పీల్చే కుర్రాడికి జ్వరం కూడా. అతుకు సీవో2 (వైరు దానంతటదే వచ్చే మిగ్) వెల్డింగుతో, 0.8 మి.మీ. వైరుతో, ఒకచోట ఒకటిన్నర సెంటీమీటరు వేసి దూరంగా ఇంకోచోటికి పోతూ వేయాలి. గ్యాస్ వెల్డింగుతో పెద్ద ప్యానెల్ మీద ఏకధాటిగా లాగితే రేకు అలలు తేలుతుంది. ఆ అలలన్నీ పుట్టీతో నింపాల్సి వస్తుంది. పాత చిలుము కోసి తీసేసి అంచుకు అంచు అతకాలి తప్ప, దాని మీద కొత్త ముక్క కప్పకూడదు. కప్పితే రెండు రేకుల మధ్య తేమ నిలిచి, రెండు వానాకాలాల్లో అదే చోట పెయింటు ఉబ్బుతుంది.

శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తామంటే చక్రాలు, సస్పెన్షన్ చేతులు, బ్రాకెట్ల వరకే ఒప్పుకోండి. బానెట్, టాపు, తలుపులు లాంటి చదును రేకుల మీద ఎక్కువ ప్రెషర్‌తో ఇసుక కొడితే రేకు సాగి వంకర తిరుగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. వాటికి పెయింట్ రిమూవర్, గీకుడు, ఇసుక కాగితమే గతి. రేకు బయటపడ్డ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మామూలు గ్రే ప్రైమర్ నీటిని పీల్చుకుంటుంది. ప్రైమర్ కొట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరుబయట వదిలేసిన బండి కింద చిలుము మళ్లీ మొదలైనట్టే, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది.

పుట్టీ తప్పు కాదు. రెండు మిల్లీమీటర్లు, మహా అయితే మూడు. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం రేకు మీద ఆనిస్తూ పోతే, జారిపోయే చోట పుట్టీ మందంగా ఉన్నట్టు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మేలు: తిరిగి పెయింట్ చేసిన రేకు సాధారణంగా 150 నుంచి 300 మైక్రాన్లు చూపిస్తుంది, వెయ్యి దాటిందంటే కింద పుట్టీయే.

నల్లగొండ, మునుగోడు, దేవరకొండ వైపు పెయింట్ చేయించేవాళ్లు నీళ్ల సంగతి పట్టించుకోవాలి. వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే ఇసుక కాగితం) కొట్టేటప్పుడు బోరునీళ్లు వాడి అలాగే ఆరనిస్తే, ఆ ఉప్పు ప్రైమర్ మీదే ఉండిపోతుంది. పైన పెయింట్ పడ్డాక గాలిలోని తేమను ఆ ఉప్పు లాగి సన్నటి పొక్కులు లేపుతుంది. దీన్ని "పెయింట్ కంపెనీ నాసిరకం" అని తోసేస్తారు. చివరి రెండు విడతల వాటర్ పేపర్, ఆఖరి కడుగుడు ఫిల్టరు నీళ్లతో చేయించండి, రెండు మూడు క్యాన్లు మీరే కొనివ్వండి. ఇక టూ-కే (హార్డనర్ కలిపి కొట్టే) పెయింట్ అయితే హార్డనర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే కలపాలి, చేతి లెక్క పనికిరాదు. ఏప్రిల్, మే ఎండల్లో మామూలు థిన్నర్ గాలిలోనే ఆరిపోయి గరుకు తేలుతుంది, నిదానంగా ఆరే థిన్నర్ అడగాలి. అద్దాలు, రబ్బర్లు, హ్యాండిళ్లు అన్నీ ఊడదీశాకే పెయింట్ పడాలి. టేపు అంటించి కొడితే ఆ అంచు నుంచే పొర లేస్తుంది.

ఇంజన్‌కు మెకానిక్ వేరు, బోరింగ్ చేసే లేత్ షాపు వేరు. ఆ రెండింటి మధ్యనే తప్పులు జరుగుతాయి. పద్మిని ఇంజన్ 1089 సీసీ, స్టాండర్డ్ బోరు 68 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ. ముందు బోరు కొలిపించండి: ఒక్కో సిలిండరులో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో, మొత్తం 24 కొలతలు కాగితం మీద రాసివ్వమనండి. ఎంత అరిగిందో చూసి ఓవర్‌సైజ్ (స్టాండర్డ్ కంటే బోరు ఎంత పెద్దది చేయాలో) తేల్చాక పిస్టన్లు కొనాలి. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్. సైజు బోరు చేసేసి తర్వాత పిస్టన్లు వెతికితే, రాణిగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ ఆ సైజు దొరక్కపోతే బ్లాకు ఇరుక్కుపోయినట్టే. దొరికినా ఒక్కో పిస్టన్ కొలత వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పిస్టన్ కొలిచి, డబ్బా మీది క్లియరెన్స్ (పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు) కలిపి, ఆ సిలిండరుకు ఆ పిస్టన్ అని గుర్తు పెట్టి బోరు చేయాలి. ఇదివరకే ఆఖరి సైజు అయిపోయి ఉంటే స్లీవులు (సిలిండరు లోపల దించే కొత్త గొట్టాలు) వేసి మళ్లీ స్టాండర్డుకు తేవచ్చు.

క్రాంక్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగ్‌కూ ఇదే వరస, ముందు షెల్ బేరింగులు, తర్వాత గ్రైండింగ్. గ్రైండింగ్‌కు ముందు క్రాక్ టెస్ట్ చేయించాలి. జర్నల్ (క్రాంకులో బేరింగు పట్టే నున్నటి భాగం) మూలలో ఉండే గుండ్రటి వంపు అలాగే మిగలాలి. రాయి అంచుతో ఆ మూలను కోసినట్టు చేస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. మెయిన్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్ క్యాపులు దేనివి దానికే, ఇంజన్ విప్పినప్పుడే నంబర్లు గుద్దించండి. లేత్ షాపుల్లో నాలుగు ఇంజన్ల క్యాపులు ఒకే డబ్బాలో పడి ఉంటాయి.

బోరింగ్ నుంచి వచ్చిన బ్లాకును డీజిల్‌తో కడిగి బిగించేస్తే ఖర్చంతా వృథా. బోరు గోడను ఆఖరున నునుపు చేసే హోనింగ్ రాతిపొడి డీజిల్‌తో పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో తోమి, వెంటనే ఆరబెట్టి, నూనె రాసి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ బూడిదరంగు తిరిగితే మళ్లీ కడగాలి. ఆయిల్ దారుల బిరడాలు తీసి లోపల కూడా కడగాలి. ఇది మూతపడక ముందు చూడాల్సిన వాటిలో మొదటిది, మీరు ఉండి చూడండి.

హెడ్డు పని చేయిస్తున్నప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులు ఆనుకునే సీట్లు గట్టివి వేయించండి. ఆ సీట్లు అరగకుండా కాపాడింది పాత పెట్రోలులోని సీసం, 2000 నుంచి మన దగ్గర సీసం లేని పెట్రోలే కదా. ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుకు పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం మెత్తబడి చీలుతాయి. ఇథనాల్ తట్టుకునే పైపు అని అడిగి మార్చాలి. రేడియేటర్‌లో బోరునీళ్లు పోయకండి, డిస్టిల్డ్ వాటర్‌తో కూలెంట్ కలపండి.

క్రోమ్ పనికి ఇచ్చేటప్పుడు ప్రతి ముక్కా లెక్కపెట్టి ఫొటో తీసి ఇవ్వండి. బంపరుకు ముందు రాగి, దాని మీద పాలిష్, తర్వాత నికెల్, ఆపైన క్రోమ్. రాగి పొర ఎగ్గొట్టి పలుచగా నికెల్ వేసి ఇచ్చేవాళ్లు ఎక్కువ, అది మొదటి వానాకాలానికే చుక్కలు తేలుతుంది. పోత పోసిన జింకు హ్యాండిళ్లు, అక్షరాలు బంపర్లతో కలిపి యాసిడ్‌లో ముంచితే కరిగి గుంటలు పడతాయి, వేరుగా కట్టి ఇవ్వాలి. వైరింగుకూ సీట్లకూ హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు. స్విచ్చు మీద భారం పడకుండా హెడ్‌లైట్లకు రిలే పెట్టించండి, అతుకులు మెలితిప్పి టేపు చుట్టకుండా క్రింప్ చేయించండి (లోహపు మొన వేసి నొక్కించండి), చాలు. సీట్లు ఊళ్లోనే కుట్టించండి. బోరింగ్, క్రాంకు, క్రోమ్ మాత్రం హైదరాబాద్. కోదాడ, సూర్యాపేట వైపు వాళ్లు విజయవాడ ఆటోనగర్ చూసుకోవచ్చు, గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గర.

బిల్లు జీఎస్టీతోనే తీసుకోండి. కచ్చా చీటీతో కొంత తగ్గుతుంది గానీ, రేపు తేడా వస్తే చేతిలో ఏమీ ఉండదు. గొడవ వచ్చినప్పుడు తెలిసి ఉండాల్సింది ఒకటి: చేసిన పనికి మజూరీ రాకపోతే బండిని పట్టి ఉంచుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద షెడ్డుకు ఉంది. అందుకే బండి లోపలే ఉండగా పోట్లాడితే నిలిచిపోయేది మీ బండే. అభ్యంతరం రాతలో ఇచ్చి, డబ్బు కట్టి, బండి బయటికి తెచ్చుకుని, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఇంజన్ పనిలో మాత్రం ఆఖరి పది శాతం, బండి 500 కిలోమీటర్లు తిరిగి, హెడ్డు బోల్టులు మళ్లీ లెక్క ప్రకారం బిగించి (టార్క్ చేసి), మొదటి ఆయిల్ దించాక ఇస్తామని ముందే రాసుకోండి. దించిన ఆయిల్‌ను తెల్లటి తొట్టిలో పట్టి అయస్కాంతం తిప్పండి. దానికి అంటిన సన్నటి బూడిద పొడి మామూలే, అయస్కాంతానికి అంటకుండా తొట్టిలో మెరిసే రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే బేరింగులు పోతున్నట్టు, బండి అక్కడే ఆపి ఉస్తాద్‌ను పిలవండి.