అరకు వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ, డిసెంబర్లో అరకు వెళ్తున్నారంట, ఇల్లు మొత్తం అద్దెకి తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి పనే, పిల్లలకి తిరగడానికి చోటుంటుంది. కాకపోతే హోటల్లో ఏదన్నా అయితే కింద కౌంటర్లో ఒకడుంటాడు, ఆ ఇంట్లో అన్నీ మీరే చూసుకోవాలి.

బట్టల గురించి నీకు నేను చెప్పేదేముంది గానీ, బెజవాడ చలి చూసి స్వెట్టర్లు తగ్గించకు, అక్కడ రాత్రిళ్లు పది డిగ్రీల కిందకి కూడా పోతుంది. అసలు నా భయం కూడా ఆ చలి గురించే. చలని తలుపులన్నీ బిగించేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటారు చూడు, ఆ పని మాత్రం చెయ్యొద్దు, ఇంటివాళ్లు తెచ్చిచ్చినా వద్దను. దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనుండదు, కంటికి కనపడదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గ్యాస్ గీజర్ కూడా అంతే, బాత్రూం లోపల బిగించి గాలి పోయే దారి లేకపోతే దాన్ని ముట్టుకోకండి, పొయ్యి మీద నీళ్లు కాచుకుని పోసుకోండి, ఏం కాదు. ఎవరికన్నా తలనొప్పి, వాంతి, మత్తుగా ఉంటే అందర్నీ ముందు బయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చెయ్యి.

అందుకే దిగగానే బ్యాగులు విప్పకుండా ఇల్లంతా ఒక చుట్టు తిరిగి చూడు, బాల్కనీ రెయిలింగ్ సందులో బుడ్డోడి తల పడుతుందేమో, వెనక తలుపు గడియ పడుతుందో లేదో. సిలిండర్ రెగ్యులేటర్ రాత్రిపూట కట్టెయ్యాలి, వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తీసి బయటికొచ్చి 1906కి చెయ్యాలి.

మీ అత్తగారి బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో కాదు, నీ హ్యాండ్‌బ్యాగులోనే, రెండ్రోజులవి ఎక్కువ పెట్టు. ఓఆర్‌ఎస్, థర్మామీటర్, టార్చి, ఓడోమాస్, దోమతెర కూడా, ఏజెన్సీలో మలేరియా ఉంటుంది. ఘాట్‌రోడ్డులో పిల్లలు కక్కుతారు, కవర్లు చేతికి అందేలా పెట్టు, అసలు పోయేటప్పుడు వైజాగ్ నుంచి కిరండోల్ రైలెక్కితే ఆ గొడవే ఉండదు, సొరంగాలు చూసి సంబరపడతారు. దారిలో సిగ్నల్ సరిగా ఉండదు, ఇంటి ఓనర్ నంబరు, అడ్రస్ కాగితం మీద రాసుకో, ఫోన్‌ని నమ్ముకుంటే ఛార్జింగ్ అయిపోయిన రోజే దాంతో పనిపడుతుంది. అరకులోనే ఏరియా ఆస్పత్రి ఉంది, ఇంటి నుంచి ఎంత దూరమో ముందే అడుగు.

ఇక మీ పటమట ఇల్లు, పోలీసోళ్ల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ఫలానా రోజులు మేం ఊళ్లో ఉండట్లేదని పెడితే కెమెరా పెట్టి చూస్తారు, అది చెయ్యి. ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చులే ఫేస్‌బుక్‌లో, తాళమేసిన సంగతి ఊరంతటికీ ఎందుకు.

కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి చేసి పెట్టా, శనివారం అల్లుణ్ణి గుంటూరు పంపించు, డబ్బాలు మాత్రం తిరిగి పంపాలి.